ఆరో రోకలి

ఇందొ రాంతె, అంటే రాంతె తల్లి, గడప మీంచి లేవలేదు.

పొద్దుటి నుంచీ అలాగే ఉంది. దక్షిణపు గది గడపకు అడ్డంగా కూర్చుని, పక్కన కాఫీ కెటిల్ పెట్టుకుని. ఆమెను దాటకుండా ఎవరూ లోపలికి పోలేరు. లోపలికి పోకుండా ఆమె కొడుకును తిప్పలేరు. కొడుకును తిప్పకుండా ఈ ఇంట్లో చావు మొదలు కాదు.

"పాస్టరుగారు వచ్చి గంటైందమ్మా" అన్నాడు పావ్‌లుస్. ఆమె పెద్ద కొడుకు. నాలుగు ఊళ్ళ చుట్టాల కోసం నెల్లాళ్ళుగా వెదురు పందిళ్ళు వేయిస్తూ, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

"కూర్చోమను. కాఫీ ఇవ్వు."

"రెండుసార్లు ఇచ్చాం."

"మూడోసారి ఇవ్వు."

"బలికి తెచ్చిన దున్నలు ఎండలో ఉన్నాయి."

"నీడలో కట్టమను."

పావ్‌లుస్ నా వైపు తిరిగాడు. "చూశావట్రా సంపె? రెండు నెలల కిందట నా చేతిలో చెయ్యేసి సరేనంది. ఇప్పుడు ఊరందరి ముందు నన్ను వెర్రివాణ్ణి చేస్తోంది."

"సరేనన్న మాట మీదే ఉన్నాను" అంది ఆమె. "వాడి స్నేహితులు ముగ్గురూ ఒక్కొక్కరే రావాలి. వాడి దగ్గర కూర్చుని ఒక గ్లాసు కాఫీ తాగి పోవాలి. ఆ తర్వాత మీరు ఎటు తిప్పుకుంటారో తిప్పుకోండి."

"పదకొండేళ్ళుగా తాగుతూనే ఉన్నారు గదమ్మా వీళ్ళు."

"అప్పుడు కలిసి వచ్చేవాళ్ళు."

ఆ మాట నెమ్మదిగానే అంది. నా వైపు చూడలేదు. ఆమెకు చూపు ఆనడం లేదు కాబట్టి చూడలేదనుకుని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. చాలా ఏళ్ళుగా నేను చేస్తున్న పని అదే. ఎదుటివాళ్ళ మౌనానికి నాకు పనికొచ్చే కారణం వెతికిపెట్టడం.

రాంతెకు పదకొండేళ్ళుగా ఒంట్లో బాగాలేదు. ఈ ఇంట్లో మాట, మా కొండల ఆచారమూ అదే. తల పడమరకు పెట్టి పడుకున్నంత కాలం వాడు జబ్బుమనిషి. పూటపూటా కాఫీ, అన్నం. పండగ రోజున లవంగం సిగరెట్టు వెలిగించి పక్కన పెడతారు. గదిలోంచి నడిచేటప్పుడు "నిన్ను దాటుతున్నాను, ఏమనుకోకు" అని చెప్పి దాటుతారు. తల దక్షిణానికి తిప్పి, బయట ఆడవాళ్ళు రోకళ్ళతో ఖాళీ రోలు మోగించాకే వాడు చనిపోయినట్టు. అంతవరకు ఆ గదిలో చావు మాట ఎవరి నోటా రాకూడదు. ఎవరు చంపారన్న మాట అసలే రాకూడదు. చనిపోనివాణ్ణి ఎవరు చంపుతారు?

వెదురుతోపు కింద వాగులో దొరికాడు వాడు. పక్కటెముకల కింద కత్తి గాటు. పోలీసులు ఆ కత్తి కోసం వాగుకు అడ్డుకట్ట వేసి మరీ వెతికారు. కత్తీ దొరకలేదు, పొడిచిన మనిషీ దొరకలేదు. రెండేళ్ళకు వాళ్ళు రావడం మానేశారు.

మేం మానలేదు. లియుస్, దమారిస్, నేను. రాంతెతో కలిసి నలుగురం బడిలో ఒకే బల్ల. ఏటా కాఫీ కోతలయ్యాక ముగ్గురం కలిసి ఈ గదికి వచ్చి, గోడవారగా కూర్చుని, గ్లాసులు ఖాళీ చేసి లేచేవాళ్ళం. మిగతా ఏడాదంతా ఒకరి దారికి ఒకరం అడ్డం పడకుండా బతికేవాళ్ళం. దమారిస్ నా భార్య. అయినా అంతే.

ఈ మధ్యాహ్నం దాటితే చాలని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను. తిప్పితే వాడు చనిపోతాడు. చనిపోయాక కొండరాతిలో తొలిచిన గదిలో పెట్టి తలుపు మూస్తారు. వాడితోపాటు నా అబద్ధం కూడా ఆ తలుపు వెనక్కి పోతుంది.

అబద్ధం చిన్నదే. "ఆ రాత్రి లియుస్ మా ఇంట్లో ఉన్నాడు. నేను, నా భార్య, అతను పొద్దుపోయేదాకా కాఫీ తాగుతూ కూర్చున్నాం." పోలీసుల కాగితం మీద నేను సంతకం పెట్టింది ఈ రెండు వాక్యాల కింద. ఆ రాత్రి నేను ఇంట్లోనే లేను. ఉపాధ్యాయుల శిక్షణ ముగించుకుని మకస్సార్ నుంచి వచ్చే బస్సులో, కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాను.

*

లియుస్ ముందు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, బడిలో బెత్తం దెబ్బలకు చెయ్యి చాపడానికి వెళ్ళేటప్పుడు చేసినట్టు, నా వైపు చూసి కన్ను గీటాడు. వాడికిప్పుడు నలభై మూడు. పళ్ళు రెండు పోయాయి. పలోపో పట్నంలో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ ఒక్కడే ఉంటాడు.

నేను వంటలవైపు నడిచాను. గాదెల వెనక ఆడవాళ్ళు పంది మాంసం, ఆకుకూర కలిపి వెదురు బొంగుల్లో కూరుతున్నారు. దమారిస్ అందరికంటే చివర, నిప్పుల సెగకు దగ్గరగా కూర్చుంది. చేతులు ముంజేతుల దాకా మాంసంలో ఉన్నాయి. ఆమె వెనకే, నల్లటి పొడుగాటి రోలు. దాని అంచుకు ఆరు రోకళ్ళు ఆనించి పెట్టారు. ఆరోది దమారిస్‌ది. మిగతా ఐదుగురి దెబ్బలు ఎటు పోయినా, దమారిస్ రోకలి లయను వెనక్కి లాక్కొస్తుందని ఊళ్ళో పేరు. అందుకే ఏ ఇంట చావు మోగాలన్నా ఆమె వచ్చేదాకా ఆగుతారు.

ముగ్గురం ఒక్కొక్కరమే రావాలని ముసలావిడ పట్టుబట్టిందని చెప్పాను.

"విన్నాను" అంది దమారిస్.

"లియుస్ లోపల ఉన్నాడు. తర్వాత నేను. తర్వాత నువ్వు."

"ఇంకా ముప్ఫై బొంగులున్నాయి."

"ఎవరైనా కూరతారు."

"ఉప్పు చూసేది నేనొక్కదాన్నే." బొంగు నేలకేసి రెండుసార్లు తట్టింది. మాంసం కిందికి దిగింది. "నాకు బాగాలేదని చెప్పు."

పక్కనున్నామె నవ్వింది. "అలా చెప్తే నీకూ కాఫీ పంపిస్తుంది, తల పడమరకు పెట్టుకు పడుకోమంటుంది."

అందరూ నవ్వారు. దమారిస్ కూడా నవ్వింది. అందరికంటే కొంచెం ఆలస్యంగా మొదలుపెట్టి, అందరికంటే కొంచెం ముందు ఆపేసింది.

నేను అడగవలసింది. ఎందుకు రావు అని, రెండు మాటలు. మా ఇంట్లో అడగని ప్రశ్న ఒకటుంది. నడింట్లో నాటిన స్తంభంలా ఉంటుంది అది. దాని చుట్టూ తిరిగి పొయ్యి దగ్గరికి పోతాం, దాని చుట్టూ తిరిగి పక్క మీదికి పోతాం. అలవాటైపోయాక అది అడ్డం అనిపించదు. అదే ఇంటిని మోస్తోందని కూడా అనిపిస్తుంది. ఆ ఏడు కాఫీ పూత నాడు రాంతె మా ఇంటికి రావడం ఉన్నట్టుండి మానేశాడు. ఎందుకని నేను దమారిస్‌ను అడగలేదు. నెల తిరక్కుండా వాడు వాగులో దొరికాడు. అప్పుడూ అడగలేదు.

అడక్కుండానే తిరిగి వచ్చేశాను.

*

లియుస్ గాదె కింద అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముందర వెదురు గొట్టంలో కల్లు. తాగడం లేదు. గొట్టం అంచు గోటితో గీరుతున్నాడు.

"నీ వంతు మాస్టారూ."

"ఏమడిగింది?"

"ఏమీ అడగలేదురా. వాడి కాళ్ళ దగ్గర కూర్చుని నా గ్లాసులో మూడుసార్లు పోసింది. తాగినప్పుడల్లా పోసింది. అడిగితే బాగుండేది." గీరడం ఆపాడు. "వాడి టోపీ మార్చింది నా ముందే. కొత్త టోపీ. ఎలా ఉందిరా అంది. బాగుందన్నాను. వాడితో చెప్పు అంది. ఇన్నేళ్ళలో వాడితో నేను ఒక్క మాటైనా నేరుగా మాట్లాడలేదట. లెక్కపెట్టుకుందిరా ముసల్ది."

"చెప్పావా?"

"చెప్పాను. బాగుందిరా అన్నాను." లియుస్ నవ్వబోయాడు, కుదరలేదు. "బయటికొచ్చి కక్కుకున్నాను."

పందిళ్ళ వైపు నుంచి మగవాళ్ళు గుండ్రంగా నిలబడి పాట సరిచూసుకుంటున్న చప్పుడు వస్తోంది. మాటలు లేవు, ఊ అనే శబ్దం ఒక్కటే, భుజం నుంచి భుజానికి పాకుతూ. ఆ శబ్దం మీద ధైర్యం పెట్టుకుని, పదకొండేళ్ళలో మొదటిసారి, వాణ్ణి ఒక మాట అడిగాను.

"ఆ రాత్రి పందెంలో ఏ పుంజు గెలిచిందిరా?"

ఆ రాత్రి తెల్లారాక వాడు మా ఇంటికొచ్చి చెప్పింది ఆ కథే. దొంగచాటు కోడిపందెంలో ఉన్నాను, తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది, మీ ఇంట్లో ఉన్నానని చెప్పరా అని. నేను సరేనన్నాను. నా పక్కన దమారిస్ నిలబడి ఉంది. స్నేహితుడి కోసం ఆమె కూడా తల ఊపింది. నేనలా అనుకున్నాను.

"ఎర్రది" అన్నాడు లియుస్.

తర్వాత గొట్టం ఎత్తి ఒక్క గుక్కలో సగం తాగాడు.

"ఇప్పుడా అడిగేది? అప్పుడు అడగాల్సింది. నీ దగ్గరికి ఎందుకొచ్చానో తెలుసా? ఊళ్ళో ఏదీ అడగనివాడివి నువ్వొక్కడివే. మంచివాడు, మాట పడనీయడు అని నిన్ను అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం నిన్ను చూస్తే ఒళ్ళు మండేది."

"నీ కోసం అబద్ధమాడాను."

"నా కోసమే అని ఎవరన్నారు?"

వాడు లేచాడు. కల్లు గొట్టం నా చేతిలో పెట్టి, పందిళ్ళ వైపు కాదు, వెదురుతోపు వైపు నడిచాడు. మెడ కాస్త ముందుకు వంచి, వెనకనుంచి ఎవరో పిలుస్తారని భయపడుతున్నవాడిలా. నేను పిలవలేదు.

నా కాగితం మీద మూడు పేర్లున్నాయి. పదకొండేళ్ళుగా నేను రెండే చదువుతున్నాను.

*

ఇందొ రాంతె నన్ను లోపలికి పోనిచ్చి, మళ్ళీ గడప మీద కూర్చోలేదు. నా వెనకే వచ్చి తలుపు దగ్గరికి వేసింది. చెక్క గోడలకున్న చీలికల్లోంచి ఎండ పట్టీలు పట్టీలుగా పడుతోంది.

"రాంతె, సంపె వచ్చాడ్రా" అంది. "కాస్త సన్నబడ్డాడు."

వాడు తెరిచిన పెట్టెలో, చెడకుండా మందు పట్టించిన ఒంటికి మెడదాకా గుడ్డలు చుట్టుకుని, తల పడమరకు పెట్టి పడుకుని ఉన్నాడు. మొహం ఎండి, గుంజుకుపోయి, నల్లబడిన కొయ్యలా ఉంది. తల మీద కొత్త టోపీ. తల కింద నల్లగుడ్డ దిండు, అంచుకు ఎర్రదారం.

"ఎలా ఉన్నావు రాంతె?" అన్నాను. నేనెప్పుడూ వాడితో మాట్లాడతాను. బడి సంగతులు, వాన సంగతులు. జవాబు చెప్పనివాళ్ళతో నాకు సులువుగా ఉంటుంది.

ఆమె గ్లాసులో కాఫీ పోసి నా చేతికిచ్చి, వాడి గ్లాసులోనూ పోసి పెట్టె పక్కన ఉంచింది.

"పదకొండేళ్ళు వీణ్ణి పడుకోబెట్టుకున్నానని ఊరంతా నన్ను పిచ్చిదంటారు. కొడుకును వదల్లేకపోతోందని. నువ్వూ అనుకున్నావా?"

అనుకున్నానని చెప్పాను.

"మొదటి ఏడు నిజమే. తర్వాత కాదు." ఆమె చేత్తో తడుముకుంటూ పెట్టె అంచు పట్టుకుంది. "చనిపోయినవాడి దగ్గరికి ఎవరూ రారు నాయనా. జబ్బుమనిషిని చూడ్డానికి రాక తప్పదు. రాకపోతే నలుగురూ అడుగుతారు. అందుకని వీణ్ణి జబ్బులోనే ఉంచాను. మీ ముగ్గురి మొహాలూ చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు కళ్ళు పోతున్నాయి. ఇంక మొహాలు పోల్చలేను. అందుకే పావ్‌లుస్‌తో సరేనన్నాను."

గ్లాసు వేడిగా ఉంది. కింద పెట్టాలనిపించలేదు.

"నువ్వు కాదని మొదటి వారంలోనే తెలుసు" అంది ఆమె. "ఆ రాత్రి మకస్సార్ బస్సు నడిపింది మా చెల్లెలి కొడుకు. తెల్లవారుజామున మలుపు దగ్గర దింపానని చెప్పాడు. మాస్టారు దారంతా గురక పెట్టాడమ్మా అన్నాడు."

ఈ ప్రపంచంలో ఒక మనిషికి నా అబద్ధం తెలుసు. పదకొండేళ్ళుగా తెలుసు. ఎవరి ముందు కూర్చుంటే నాకు చెమటలు పట్టేవో, నేను నేరం చెయ్యలేదని నమ్మింది ఆమె ఒక్కతే. తెలిసి ఉంటే ఇన్నాళ్ళూ ఈ గదికి వచ్చి ఆమె ఒళ్ళో తల పెట్టుకునేవాడినేమో. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది.

"పోలీసులకు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే మీరు రావడం మానేసేవాళ్ళు."

ఆమె వంగి, ఒక చేత్తో కొడుకు తల నెమ్మదిగా ఎత్తింది. రెండో చేత్తో దిండు లాగింది. తలను ఉత్త చెక్క మీద పెట్టింది. పెట్టేటప్పుడు "కొంచెం ఓర్చుకోరా" అంది. దిండు నా ఒళ్ళో పడేసింది.

"ఇది నువ్వే తెచ్చావు. గుర్తుందా?"

గుర్తుంది. వాడు పడుకున్న నెలకే. జబ్బుమనిషిని చూడ్డానికి ఉత్త చేతులతో ఎవరు వస్తారు? బూరుగుదూది దిండు.

"వేలు పెట్టి చూడు. మధ్యలో."

దిండు నడుమ పిడికిలి పట్టేంత గుంట ఉంది. ఇన్నేళ్ళ బరువుకు పడిన గుంట అనుకున్నాను, అదే అన్నాను.

"తెచ్చిన రోజే ఉంది. కుట్టి పెట్టిన గుంట. చుట్టూ దారం తిప్పి, దూది అటు జరక్కుండా. నేను కుట్టుపని చేసిన దాన్ని. నాకు తెలీదా?" ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "ఊరంతా కత్తి గాటు చూశారు. పోలీసులు అదే రాసుకున్నారు. వాడికి స్నానం చేయించింది నేనొక్కదాన్నే. జుట్టు కింద, వెనక, మెడకు కొంచెం పైన ఎముక లోపలికి పోయి ఉంది. నెత్తురు రాలేదు. అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పావ్‌లుస్‌కు చెప్పలేదు. పాస్టరుగారికి చెప్పలేదు. కత్తితో ముందు నుంచి వచ్చినవాడు ఒకడు. వెనకనుంచి కొట్టింది వాడు కాదు. ఒక్క మనిషి ముందూ వెనకా నిలబడలేడు."

నా వేళ్ళు గుంటలోనే ఉండిపోయాయి. గుంట చుట్టూ కుట్టు, లోపలికి వంగిన చిన్న చిన్న కుట్టు, రెండు కుట్లకొకసారి ముడి. నా చొక్కాల మోచేతులకు ఉన్న కుట్టే. ఇప్పుడు వేసుకున్న చొక్కాకు కూడా.

"నెప్పి ఎక్కడుందో తెలిసినవాళ్ళు చేసిన దిండు ఇది" అంది ఆమె. "నువ్వు బస్సులో ఉన్నావు. నీకు తెలీదు. కుట్టిందెవరు?"

దమారిస్‌కు ఆ నెల జ్వరం. మంచం మీద కూర్చుని మూడు రోజులు కుట్టింది. నువ్వే తీసుకెళ్ళు, నువ్వు తెచ్చినట్టే ఇవ్వు అంది. జ్వరంలో కూడా స్నేహితుణ్ణి మర్చిపోలేదని నాకు ఆమె మీద ఎంతో ప్రేమ కలిగింది. ఆ రోజుల్లో మాకు పెళ్ళయి ఏడాది.

"నాకు చెప్పక్కర్లేదు. వాడికి చెప్పు" అంది ఇందొ రాంతె. "రోలు మోగేదాకా వాడు జబ్బుమనిషి. వింటాడు. మోగాక నేనేం చేసేది లేదు."

ఆమె తలుపు దగ్గరికి పోయి గోడవైపు తిరిగి నిలబడింది, చెవులు మూసుకున్నట్టు తల వంచుకుని.

నేను పెట్టె మీదికి వంగాను. దమారిస్ అనే పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు లేకుండా నా ఇల్లు ఎలా ఉంటుందో కనిపించింది. ఒక గ్లాసు, ఒక కంచం, నడింట్లో స్తంభం, దాని చుట్టూ తిరగడానికి నేనొక్కణ్ణే. నిజానికి ఇన్నాళ్ళూ ఉన్నది కూడా అదే ఇల్లేమో. రెండో గ్లాసు ఒకటి అదనంగా ఉండేది, అంతే.

"రాంతె, ఆ రాత్రి నేను ఇంట్లో లేనురా" అన్నాను. అంతవరకే వచ్చింది.

లేచి నిలబడ్డాక ఆమె అడిగింది. "చెప్పావా?"

"ఆ రాత్రి నేను ఇంట్లో లేనని చెప్పాను."

"అది వాడికి తెలుసు" అంది ఆమె. "మిగతాది?"

*

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు తోసుకుని దమారిస్ వచ్చింది.

చేతులు శుభ్రంగా కడుక్కుంది. తడి జుట్టు వెనక్కి దువ్వి ముడి వేసుకుంది. కాఫీ ఎవరు పోస్తారా అని చూడకుండా తన గ్లాసు తనే నింపుకుని తెచ్చుకుంది. నా వైపు చూడకుండా అంది, "బొంగులు అయిపోయాయి. ముందు నా వంతు కానిచ్చేస్తే వాళ్ళు రోలు మొదలుపెడతారు."

అలవాటు ప్రకారం గది దాటుతూ వాడికి చెప్పింది. "నిన్ను దాటుతున్నాను రాంతె, ఏమనుకోకు."

పెట్టె దగ్గర వంగింది. ఉత్త చెక్క మీద ఉన్న వాడి తల చూసింది.

"దిండెందుకు తీశారు?" అంది. పిల్లాణ్ణి సరిగ్గా పడుకోబెట్టనందుకు విసుక్కునే తల్లిలా, ఆలోచించకుండా, చెయ్యి అప్పటికే వాడి మెడ కిందికి పోతూ. "వెనకాల చెక్క ఒత్తుకుంటుంది కదా."

ఆమె చెయ్యి వాడి మెడ కింద ఆగిపోయింది. ఇందొ రాంతె గోడవైపు నుంచి ఇటు తిరిగింది. చూపు ఆనని ఆ కళ్ళు సరిగ్గా దమారిస్ ఉన్న చోటే ఆగాయి.

"కూర్చోమ్మా" అంది. "ఎక్కడ ఒత్తుకుంటుందో నాకు చూపించు. నా వేలు పట్టుకుని అక్కడ పెట్టు."

బయట నుంచి ఆడగొంతు వినబడింది. "దమారిస్, నీ రోకలి కూడా నేనే పట్టుకు నిలబడ్డానే తల్లీ. అక్కడే కాపురం పెట్టావా?" నాలుగైదు గొంతులు నవ్వాయి.

దమారిస్ నా వైపు చూసింది. నా చేతుల్లోని దిండు చూసింది. అందులో నా వేళ్ళు ఎక్కడున్నాయో చూసింది. నేను ఎప్పట్లాగే చూపు దించుకుంటానని, ఎప్పట్లాగే ఏదో ఒక పనికొచ్చే కారణం వెతికిపెడతానని, ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం నాకు అర్థమైంది. ఇన్నేళ్ళూ ఆమె నాతో కాపురం చేసింది ఆ నమ్మకంతోనే.

"దీనికి గుంట ఎందుకు కుట్టావు?" అన్నాను.

పెళ్ళైన పన్నెండేళ్ళలో జవాబంటే భయపడుతూ నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది.

దమారిస్ గ్లాసు నేల మీద పెట్టింది. ఒలకకుండా, జాగ్రత్తగా. కొంగు సర్దుకుని పెట్టె పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముసలావిడకు కాదు, నాకు కాదు, వాడి మొహానికి దగ్గరగా వంగి, బడిలో ఒకే బల్ల మీద గుసగుసలాడుకున్న గొంతుతో అంది.

"నువ్వు చెబుతావా రాంతె, నన్ను చెప్పమంటావా?"

బయట ఐదు రోకళ్ళు ఆరోదాని కోసం ఎదురుచూస్తున్నాయి.